కాలువ తాగిన వంతు

అనగా అనగా, మీ తాతల తాతకు ఇంకా పాలపళ్లు ఊడని రోజుల్లో, మొలకసీమ అనే రాజ్యం ఉండేది. దాన్ని ఉదయభూపతి అనే రాజు ఏలేవాడు. మంచి రాజే, అబద్ధం ఎందుకాడాలి? కాకపోతే తాను మంచివాడినన్న సంగతి ఆయనకు కాస్త ఎక్కువగా తెలుసు.

ఆ రాజ్యపు కొసన ఏటిగడ్డ అని ఒక ఊరు. ఊరికి ఇరవై ఇళ్లు, ఇరవై మళ్లు. ఊరి పైన ఒక వాగు, వాగుకు అడ్డంగా రాతి కట్ట, కట్టకు ఒక తూము. తూములోంచి ఒకే ఒక్క కాలువ బయలుదేరి, ఇసుక నేలలో మెలికలు తిరుగుతూ, ఇరవై మళ్లనూ పలకరించి ఆగిపోతుంది. మొదటి మడి పెద్దకాపు కోనప్పది. అట్టడుగు మడి ఓబులమ్మది.

ఆ ఊళ్లో నీళ్లు ఎలా పంచుకునేవాళ్లో ముందు చెబుతాను. చెవులు రిక్కించి వినండి, తిరకాసంతా అక్కడే ఉంది.

తూము పక్కన ఒక రాతి అరుగు. అరుగు మీద గంగాళం నిండా నీళ్లు. ఆ నీళ్లలో ఒక రాగి గిన్నె తేలుతూ ఉంటుంది. దాని అడుగున సూదిమొనంత చిల్లు. ఆ చిల్లులోంచి నీరు ఊరి ఊరి, గిన్నె నిండి, బుడుంగున మునుగుతుంది. మునగగానే నీళ్లు పంచే నీరుగంటి సుంకన్న జేగంట మోగిస్తాడు. గంట మోగిందంటే ఒకరి వంతు అయిపోయినట్టు. వాళ్లు తమ మడిలోకి నీరు పారే మడవను మూసెయ్యాలి, ఆ పై మడివాళ్లు తమ మడవ తెరుచుకోవాలి. ప్రతి సోమవారం పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకే దాకా సరిగ్గా ఇరవై గిన్నెలు మునుగుతాయి. ఇరవై మళ్లకు ఇరవై గిన్నెలు. లెక్క చూస్తే ఎంత ముచ్చటగా ఉందో!

అంతేనా? సాయంత్రానికి కట్టలో నీరు దిగిపోయి, పారే నీరు పలచబడుతుంది. పలచటి నీరు కాలువ చివరి దాకా పాకదు. అందుకని పెద్దలు దయతలచి, మొదటి వంతు అట్టడుగు మడికే ఇచ్చారు. ఆ తర్వాత కిందినుంచి పైకి ఒక్కొక్కరిదే వంతు. చిట్టచివర కోనప్పది.

ఆ గిన్నె అంటే ఊరికి ప్రాణం. దానికి పసుపు రాసేవాళ్లు, బొట్టు పెట్టేవాళ్లు, దాని మీద ఒట్టేసేవాళ్లు. "గిన్నెకు చుట్టాల్లేరు, గిన్నెకు పక్షపాతం లేదు" అని పొరుగూరి వాళ్ల ముందు మీసం తిప్పేవాళ్లు. గిన్నెను అరుగు దింపడం మహాపాపం అనుకునేవాళ్లు.

సరే, ఇక ఓబులమ్మ సంగతి. మొగుడు జ్వరం వచ్చి పోయాడు. ఇద్దరు చిన్న ఆడపిల్లలు. ఉన్నది ఆ ఒక్క మడి. వానలు సరిగ్గా పడక రెండేళ్లుగా వరుసగా పంట ఎండింది. ఆ రాజ్యంలో ఒక కట్టడి ఉండేది. మళ్లన్నీ కోటవి, సాగు మాత్రం రైతులది. మూడు పంటలు వరుసగా పోగొట్టుకున్న రైతు దగ్గర్నుంచి మడి వెనక్కు తీసేసుకుంటారు. ఇది మూడో పంట.

ఆ ఏడూ వానలు మొహం చాటేశాయి. పై మళ్లన్నీ పచ్చగా ఊగుతున్నాయి. ఓబులమ్మ వాగునుంచి బిందెలు మోసి మోసి, భుజం కాయకాసి, పైరును ఎలాగో వెన్ను పొట్టకొచ్చే దాకా తెచ్చింది. ఇంక మూడు సోమవారాల్లో ఒక్కసారైనా మడి నిండా తడవాలి. లేకుంటే గింజ పాలు పోసుకోదు, చేను తాలైపోతుంది. మడి పోతుంది. పిల్లల నోటి ముందర కూడు పోతుంది.

మొదటి సోమవారం వచ్చింది. తెల్లవారకముందే మడవ తెరిచి కూర్చుంది. పొద్దు పొడిచింది. నీళ్లు వదిలారు. ఆమె చూస్తూనే ఉంది. ఎప్పటికో కాలువ మలుపులో నీటి నాలుక కనబడింది. నురగా చెత్తా తోసుకుంటూ మెల్లగా పాకి వచ్చి మడవను తాకిందో లేదో, ఠంగ్! జేగంట మోగింది. పై మడి రైతు తన మడవ తెరిచాడు. నీళ్లు అటు తిరిగిపోయాయి.

ఆమె మడవ గడప మాత్రం తడిసింది.

ఆ సాయంత్రం పెద్దలు అరుగు దగ్గర కూడినప్పుడు ఓబులమ్మ వెళ్లి నిలబడింది. "కోనప్ప మామా, నా వంతు నీళ్లు నాకు రావడం లేదు" అంది.

కోనప్ప చెడ్డవాడని అనుకునేరు! కాదు. ఒకరి సొమ్ముకు ఆశపడిన మనిషి కాడు. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం.

"రాకపోవడమేమిటమ్మా? సుంకన్నా, గిన్నె వెయ్యరా!" అన్నాడు.

సుంకన్న అందరి ముందూ మూడుసార్లు గిన్నె తేలవేశాడు. మూడుసార్లూ ఒకేలా మునిగింది.

"చూశావా? నా మడికీ ఇదే గిన్నె, నీ మడికీ ఇదే గిన్నె. పైగా మొదటి వంతు నీది. ఇంకేం కావాలి తల్లీ?"

"ఆ మొదటి వంతే నా కొంప ముంచుతోంది మామా! వారానికి ఒకసారి నీళ్లు వదిలితే, ఈలోగా కాలువ ఎండి పెనంలా ఉంటోంది. నా గిన్నె నీళ్లన్నీ ఆ ఇసుకే తాగేస్తోంది. తడిసిన కాలువలో మీరంతా నీళ్లు పారించుకుంటున్నారు."

"కాలువ అందరిదీ అమ్మా. నీళ్లు నిలవడం లేదంటే నీ గట్టుకు ఎలుక బొక్కలున్నాయేమో చూసుకో."

"మీరే వచ్చి చూడండి. ఒక్క బొక్క చూపిస్తే ఈ క్షణమే నోరు మూసుకుంటాను."

కోనప్ప కాలువ వెంబడి దూరంగా చూసి ఆవులించాడు. "అక్కడి దాకా ఎవరు నడుస్తారమ్మా?" అన్నాడు. పెద్దలందరూ లేచి పైపంచెలు దులుపుకున్నారు. గిన్నెకు మళ్లీ బొట్టు పెట్టి ఇళ్లకు పోయారు.

వేరొకరైతే ఏడ్చి ఊరుకునేవాళ్లు. ఓబులమ్మ ఏడ్చింది, ఊరుకోలేదు. పిల్లలను పొరుగింటి అవ్వకు అప్పజెప్పి, కొంగున అటుకులు మూటగట్టుకుని, మర్నాడే రాజుగారి కోటకు బయలుదేరింది. ఒక రోజు నడక.

ఉదయభూపతి ఆమె మొర విన్నాడు. పూర్తిగా విన్నాడా అంటే, సగం విన్నాడు. "గిన్నె" అన్న మాట చెవిన పడగానే సింహాసనం మీద నిటారుగా కూర్చున్నాడు.

"అర్థమైంది! గిన్నె పాతబడి ఉంటుంది. మా రాజ్యంలో అన్యాయమా! ఎవరక్కడ, కంసాలులను పిలవండి!"

"ప్రభూ, గిన్నె సంగతి కాదు..." అంది ఓబులమ్మ.

ఎవరు వింటారు? రాజుగారికి న్యాయం చెయ్యాలన్న ఉత్సాహం ముంచుకొచ్చింది. ముగ్గురు కంసాలులు కూర్చుని కొత్త గిన్నె పోశారు. వెంట్రుకవాసి తేడా లేకుండా మూడు రోజులు పరీక్షించారు. ఆదివారం నాడు ఆ గిన్నెను పల్లకీలో పెట్టి, ముందు డప్పులు, వెనక బాకాలతో ఏటిగడ్డకు పంపారు. పల్లకీలో గిన్నె! ఆ వెనక దుమ్ములో నడుస్తూ ఓబులమ్మ!

ఊరంతా హారతులు పట్టింది. రెండో సోమవారం పొద్దున కొత్త గిన్నె గంగాళంలో తళతళలాడుతూ మునిగింది. జేగంట ఠంగుమంది. అట్టడుగున ఓబులమ్మ మడవ గడప మళ్లీ తడిసింది. అంతే.

వరి ఆకులు చుట్టుకుపోతున్నాయి. నేల నెర్రెలిచ్చింది. పెద్దపిల్ల, "అమ్మా, మనం ఇంక అడగొద్దులే. అందరూ నవ్వుతున్నారు" అంది.

ఓబులమ్మ పిల్లను దగ్గరికి తీసుకుంది. పిల్ల తల నిమిరి, "నవ్వనీ బిడ్డా. నవ్విన నాపచేనే పండుతుంది" అని, మళ్లీ అటుకులు మూటగట్టింది.

రాజుగారు ఆమెను చూడగానే మొహం చిట్లించాడు. "మళ్లీ వచ్చావేం? మేము పంపిన గిన్నెలో లోపమా?"

"గిన్నెలో ఏ లోపమూ లేదు మహారాజా. దాన్ని చూసేవాళ్లంతా తూము దగ్గరే కూర్చుంటున్నారు, అదీ లోపం. గిన్నె మునగడం అందరూ చూశారు. నా మడి తడవడం ఎవరు చూశారు? ఒక్క పొద్దు మీరు వచ్చి నా గట్టు మీద కూర్చోండి."

సభలో గుసగుసలు. రాజుకు ఒళ్లు మండింది. "ఒక్క మడి కోసం రాజు గట్టు మీద కూర్చోవాలా?"

"కూర్చోలేకపోతే నిలబడినా చాలు ప్రభూ."

ఇంకేముంది! "బయటికి పొమ్మనండి!" అని అరిచాడు. ఓబులమ్మ బయటికే పోయింది, కానీ ఇంటికి పోలేదు. కోట గుమ్మం పక్కన చతికిలబడింది.

గురువారం రాజు గుర్రమెక్కి అటుగా వెళ్లాడు. ఆమె లేచి దండం పెట్టి, "సోమవారానికి ఇంకా నాలుగు రోజులుంది ప్రభూ" అంది. రాజు వినిపించుకోలేదు.

శుక్రవారం మళ్లీ వెళ్లాడు. "మూడు రోజులుంది ప్రభూ" అంది. రాజు గుర్రాన్ని అదిలించాడు.

శనివారం వేరే గుమ్మంలోంచి వెళ్దామా అనుకున్నాడు. ఒక రైతు ఆడమనిషికి జడిసి దొడ్డిదారిన పోవాలా అని తనకే సిగ్గేసింది. ఎదురుగానే వచ్చాడు. "రెండు రోజులుంది" అంది ఆమె. పెదవులు ఎండి పగిలాయి. గొంతు మాత్రం తొణకలేదు.

రాజు గుర్రం ఆపాడు. "లే అమ్మా. వస్తాను" అన్నాడు.

మూడో సోమవారం. పొద్దు పొడవకముందే ఉదయభూపతి అట్టడుగు మడి గట్టు మీద తాటాకు చాప వేసుకుని కూర్చున్నాడు. తూము దగ్గర గిన్నె నీళ్లలో పడింది. తూము తెరిచిన కేక దూరంగా వినిపించింది.

రాజు కాలువ వైపు చూశాడు. నీళ్లు లేవు. పొద్దు కొంత పైకెక్కింది. నీళ్లు లేవు. నెర్రెల్లో చీమలు బారులు తీరాయి. రాజుకు చెమటలు పట్టాయి. ఎన్నో తీర్పులు చెప్పాడు కానీ, తీర్పు వచ్చి చేరే చోట ఇలా కాచుకుని కూర్చోవడం ఆయనకు ఇదే మొదలు.

ఆఖరికి నీటి నాలుక మలుపు తిరిగింది. రాజు చిన్నపిల్లాడిలా లేచి నిలబడి, "వచ్చింది, వచ్చింది!" అన్నాడు.

ఠంగ్!

పై మడి రైతు తల దించుకుని మడవ తెరిచాడు. "ఏం చెయ్యను ఓబులక్కా, గంట మోగింది" అన్నాడు. నీళ్లు పక్కకు తిరిగిపోయాయి. రాజు ఒంగి గడప దగ్గర చెయ్యి పెట్టాడు. దోసెడు నీళ్లు కూడా లేవు.

"నేను పంపిన గిన్నె మునిగే దాకా పారిన నీళ్లన్నీ ఏమయ్యాయి?" అని అడిగాడు మెల్లగా.

"కాలువ తాగింది ప్రభూ. వారం వారం నా వంతు దానికే పోస్తున్నాను."

రాజు చెయ్యి దులుపుకుని లేచాడు. చెప్పులు విడిచి, కాలువ వెంబడి పైదాకా నడిచాడు. మోకాలి దాకా బురదతో అరుగెక్కి తూము మూయించి ఊరందరినీ పిలిచాడు.

"ఇకనుంచి మొదటి గిన్నె కాలువకు. ఎవరి వంతులోనూ దాన్ని కలపడానికి లేదు. నీరు మడిని తాకాకే వంతు మొదలు" అన్నాడు.

కోనప్ప చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "ప్రభువులు మన్నించాలి. పొద్దుకు పట్టేవి ఇరవై గిన్నెలే. ఇరవై ఒకటోది ఎక్కడినుంచి తెస్తాం? గిన్నె తొందరగా మునిగేలా చిల్లు పెద్దది చేసి, అందరి వంతులోనూ ఒక గుక్క కోసెయ్యాలి. ఇవాళ గుక్కెడు, రేపు కడివెడు! ఒక్కరి కోసం పందొమ్మిది మంది నోరు కొట్టడం న్యాయమా? ఊరిని అడగండి."

రాజు ఊరిని అడిగాడు. పందొమ్మిది మందీ, "వద్దు, పాత పద్ధతే ఉండాలి" అన్నారు. రాజు మొహం ఎర్రబడింది. కత్తి పిడి మీద చెయ్యి వేశాడు.

ఓబులమ్మ అడ్డం వచ్చింది. "వద్దు మహారాజా! కత్తి చూపించి ఇచ్చిన నీళ్లు మీరు కోటకు చేరే దాకానే పారతాయి. ఆ మాట వీళ్ల నోటినుంచే రానివ్వండి."

"ఎలా వస్తుంది? వినలేదా నువ్వు?"

"మళ్లు కోటవే కదా ప్రభూ. ఇరవై తాటాకు ముక్కలు తెప్పించండి. ఒక్కో ముక్క మీద ఒక్కో మడి గుర్తు గీయించి కుండలో వేయించండి. ఈ కోతలయ్యాక ఎవరికి ఏ మడో ఆ చీటీలే చెబుతాయి. నేనూ తీస్తాను, మామా తీస్తాడు. కానీ చీటీ తియ్యకముందే నీళ్ల పద్ధతి ఏమిటో వీళ్లే తేల్చాలి. తీశాక మార్చకూడదు."

రాజు వెంటనే, "కుండ తీసుకురండి!" అన్నాడు.

కుండ వచ్చింది. చీటీలు పడ్డాయి. రాజు కుండను రెండు చేతులా బాగా కుదిపి అరుగు మీద పెట్టాడు. "ఊఁ, చెప్పండి. పాత పద్ధతే ఉంచుదామా?"

అందరి కళ్లూ కుండ మీదే. కోనప్ప మీసం దువ్వుకున్నాడు. కుండ వంక చూశాడు. తర్వాత కాలువ వంక చూశాడు. అది మెలికలు తిరుగుతూ, తిరుగుతూ, ఎంత దూరం పోతోందో! అక్కడ అంచున, ఎండిన గడ్డిరంగులో ఒక మడి. ఆ చీటీ తన చేతికే వస్తే? కోనప్ప ఒక అడుగు ముందుకేశాడు.

"ప్రభూ... మొదటి గిన్నె కాలువకే పోవాలి" అన్నాడు.

"అవునవును!" అన్నారు నలుగురు.

"నీళ్లు మడవను తాకాకే గిన్నె వెయ్యాలి!" అన్నాడు ఒకడు.

"తాకిందని చెప్పడానికి మడి దగ్గర ఒక మనిషి ఉండాలి! చెయ్యెత్తి చూపాలి!" అన్నాడు ఇంకొకడు.

"గుక్కెడు నీళ్లదేముంది, పోతే పోయాయి!" అన్నాడు మరొకడు.

చూశారా, బుద్ధి ఎంత తొందరగా వచ్చిందో! రెండు వారాలుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా ఎక్కనిది, కుండ వంక ఒక్క చూపుతో ఎక్కింది.

రాజు నవ్వు ఆపుకుంటూ, "కోనప్పా, ఒక్క ఘడియ కిందట ఇది అన్యాయం అన్నావే?" అని అడిగాడు.

కోనప్ప తల దించుకున్నాడు. మొండివాడే గానీ అబద్ధాలకోరు కాడు. "ఒక్క ఘడియ కిందట ఆ మడి నాది కాదు ప్రభూ" అన్నాడు.

తర్వాత తానే సూది అడిగి పుచ్చుకుని, రాజుగారి గిన్నె చిల్లును వెంట్రుకవాసి పెద్దది చేశాడు. ఓబులమ్మ వైపు తిరిగి, "అమ్మాయీ, ఆ రోజు నీ మడి దాకా నడవనన్నాను. తప్పు నాదే. ఇవాళ చెయ్యెత్తేది నేనే" అని గట్టు వెంబడే బయలుదేరాడు.

సుంకన్న మళ్లీ తూము ఎత్తాడు. కాలువ తన వంతు తాను తాగింది. నీటి నాలుక అట్టడుగు మడవను తాకింది. దూరాన కోనప్ప చెయ్యెత్తాడు. అప్పుడు పడింది గిన్నె గంగాళంలో.

నీళ్లు గడప దాటాయి. నెర్రెల్లోకి గుటగుట దిగాయి. నెర్రెలు నిండి, మొక్కల మొదళ్లు మునిగి, మడి నిండా నీళ్లు పరుచుకున్నాయి. పిల్లలిద్దరూ ఆ నీళ్లలోకి దూకి గంతులేశారు. ఓబులమ్మ మడిలోనే చతికిలబడి, రెండు చేతులా నీళ్లు మొహానికి కొట్టుకుంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. అంతవరకూ ఎక్కడ దాచుకుందో ఆ ఏడుపంతా!

ఆ ఏడు ఆమె చేను పండింది. పై మళ్లంత కాకపోయినా గింజ గట్టిపడింది, మడి నిలబడింది. పందొమ్మిది మళ్లలో ఒక్క చేనూ ఎండలేదు. ఆ గుక్కెడు నీళ్లు ఎవరికి తక్కువయ్యాయో ఎంత వెతికినా తేలలేదు.

కోతలయ్యాక ఇచ్చిన మాట ప్రకారం రాజు మళ్లీ వచ్చి దగ్గరుండి చీటీలు తీయించాడు. కోనప్పకు నడిమి మడి వచ్చింది. ఓబులమ్మ కుండలో చెయ్యి పెట్టి చీటీ తీసింది. మళ్లీ అట్టడుగు మడే! ఊరంతా నాలుక కరుచుకుంది. "మార్చమంటావా తల్లీ?" అన్నాడు రాజు బాధగా.

ఓబులమ్మ గలగలా నవ్వింది. "ఎందుకు ప్రభూ? మంచి మడి కోసం నేను మీ గుమ్మంలో కూర్చోలేదు. నా వంతు కోసం కూర్చున్నాను. నీళ్లు వచ్చే మడి ఎక్కడుంటేనేం?" అని చీటీ కొంగున ముడేసుకుని, నారు పోసుకోవడానికి పోయింది.

కనుక బిడ్డలారా, అందరికీ ఒకే కొలత పెట్టినంత మాత్రాన న్యాయం కాదు. అది అందరికంటే చివరనున్న వాళ్లకు చేరిందో లేదో వెళ్లి చూడాలి, రేపు ఆ చోటు నాదే కావచ్చు అనుకుని తీర్పు చెప్పాలి.